మిస్డ్ కాల్ మీద నడిచిన రేడియో

బస్సు దిగానని ఇంట్లో తెలియాలంటే ఒక రింగు. కింద గేటు తీయమనడానికి రెండు. పొరపాటున అవతలివాళ్లు ఎత్తేశారో, ఇక తిట్లే: "ఎందుకెత్తావ్? బ్యాలెన్స్ పోయిందిగా!" పది రూపాయల రీచార్జి కార్డు గోటితో గీకి నంబరు కొట్టుకున్న రోజుల్లో, పైసా ఖర్చు లేకుండా కబురు పంపే ఈ విద్యను ఏ కంపెనీ నేర్పలేదు. జనమే కనిపెట్టుకున్నారు. కంపెనీలకు దాని విలువ ఆలస్యంగా తెలిసింది. 2010లో బెంగళూరులో పుట్టిన జిప్‌డయల్ వ్యాపారమంతా మిస్డ్ కాల్ మీదే నడిచింది. 2015లో ట్విట్టర్ ఆ కంపెనీని కొనేసింది.

అదే 2010లో, అదే బెంగళూరులో, ఇంకో సర్వరు ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి వచ్చే ఫోన్లు ఎత్తడం మొదలుపెట్టింది. దాన్ని ఎవరూ కొనలేదు, అది అమ్మడానికి పెట్టిందీ కాదు. పేరు సీజీనెట్ స్వర. స్వచ్ఛంద సంస్థలు ఇంటర్నెట్‌ను ఎలా వాడుకోవాలి అని ఎవరైనా అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే. ఇంటర్నెట్ మొహం చూడనివాళ్ల కోసం ఇంటర్నెట్‌ను వాడిన తీరు అందులో ఉంది. మన సంస్థల వెబ్‌సైట్లు ఒక్కసారి తెరిచి చూడండి. ఇంగ్లిషులో లక్ష్యాలు, నవ్వుతున్న పిల్లల ఫొటోలు, 'డొనేట్' అన్న బటను. ఆ సైటు చందాలిచ్చేవాళ్ల కోసం కట్టింది. సంస్థ ఎవరి కోసం పనిచేస్తుందో వాళ్లు దాన్ని ఎన్నడూ తెరవరు, తెరిచినా చదవలేరు.

శుభ్రాంశు చౌధరి పాత్రికేయుడు. ఛత్తీస్‌గఢ్‌లో పెరిగారు, బీబీసీకి దక్షిణాసియా ప్రొడ్యూసర్‌గా ఏళ్ల తరబడి పనిచేశారు. 2000 నవంబరులో ఛత్తీస్‌గఢ్ విడి రాష్ట్రమైంది. కొన్నేళ్లకే ఆయన సొంత గడ్డ యుద్ధవార్తల్లోకెక్కింది. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వా జుడుం మొదలయ్యాక బస్తర్ పల్లెలు ఖాళీ అయ్యాయి. వేలమంది రాష్ట్ర సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. గుత్తికోయలని మనం పిలిచేది వాళ్లనే. వాళ్ల గురించి తెలుగు పేపర్లలో వచ్చింది కూడా ఎక్కువగా అటవీశాఖవాళ్లు చెప్పిందో, పోలీసులు చెప్పిందో. వాళ్లే చెప్పుకున్నది మనకు చేరింది తక్కువ.

ఎందుకు తక్కువ అంటే సగం జవాబు భాషలో ఉంది. 2011 జనగణన లెక్కలో గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు. ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, మన ఆదిలాబాద్ వైపు, ఇలా నాలుగు దిక్కులా పరుచుకుని ఉన్నారు. ద్రావిడ భాష, తెలుగుకు దగ్గర చుట్టం. అయినా కలెక్టరుకు రాదు, విలేకరికి రాదు, చాలాచోట్ల బడిపంతులుకూ రాదు. అడవిలోకి వెళ్లిన మావోయిస్టు నాయకులు మాత్రం కూర్చుని నేర్చుకున్నారు. ఆ నాయకుల్లో తెలుగువాళ్లు ఎంతమందో చెప్పనక్కర్లేదు. చౌధరి ఆ దళాల మధ్య తిరిగి, మాట్లాడి, 2012లో 'లెట్స్ కాల్ హిమ్ వాసు' అనే పుస్తకం రాశారు. తుపాకీ పట్టిన మామూలు జనంలో ఎక్కువమందిని అక్కడికి తెచ్చింది సిద్ధాంతం కాదనీ, చిన్న చిన్న అన్యాయాలు చెప్పుకుందామంటే వినేవాడు లేకపోవడమేననీ ఆయన వాదన. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కానీ పాత్రికేయుడికి ఈ మాట తగలాల్సిన చోటే తగులుతుంది: మరి నువ్వేం చేస్తున్నావు?

ఆయన మొదట చేసింది అప్పట్లో అందరూ చేసిందే. 2004లో ఛత్తీస్‌గఢ్ విషయాలు చర్చించడానికి యాహూలో ఒక గ్రూపు పెట్టారు. అదే సీజీనెట్. కార్యకర్తలు, పాత్రికేయులు, ఊరు వదిలి నగరాల్లో స్థిరపడ్డవాళ్లు చేరారు. గనుల గురించి, అడవి గురించి, పోలీసుల గురించి ఈమెయిళ్లలో పెద్ద పెద్ద వాదనలు జరిగాయి. ఎవరి గురించి అంత మాట్లాడుకున్నారో వాళ్లలో ఒక్కరి దగ్గరా కంప్యూటరు లేదు. ఉన్నా అక్షరం రాదు. వచ్చినా హిందీలోనో ఇంగ్లిషులోనో రాయాలి. వాళ్లకు ఉన్నది నోరు, చెవి. అప్పుడప్పుడే ఊరికొకటి రెండు చొప్పున చేరుతున్న బటన్ల ఫోను.

నోరూ చెవీ అనగానే ఎవరికైనా తట్టేది రేడియో. అక్కడే తలుపు మూసి ఉంది. మన దేశంలో రేడియోలో సొంతంగా వార్తలు చెప్పే హక్కు ఆకాశవాణికి తప్ప ఇంకొకరికి లేదు. గాలితరంగాలు ప్రజల సొత్తని 1995లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు పట్టుకుని ఎదురుచూసినవాళ్లలో అప్పటి మన మెదక్ జిల్లా దళిత మహిళలున్నారు. జహీరాబాద్ దగ్గర మాచ్నూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు యునెస్కో సాయంతో 1998 ప్రాంతంలోనే స్టూడియో కట్టుకున్నారు. లైసెన్సు రాలేదు. కార్యక్రమాలు తయారుచేసి, క్యాసెట్లలో ఎక్కించి, ఊళ్లలో సంఘం కూర్చున్నప్పుడు టేపురికార్డరులో వినిపించుకున్నారు. ప్రసారం లేని రేడియో స్టేషను పదేళ్లు నడిచిందన్నమాట! 2006 చివర్లో స్వచ్ఛంద సంస్థలూ కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చని కేంద్రం దారి తెరిచాక, 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద పలికింది. ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే కమ్యూనిటీ రేడియో దేశంలో అదే మొదటిది.

అయితే ఆ అనుమతిలో ఒక షరతుంది. వార్తలూ వర్తమాన వ్యవహారాలూ కూడదు. కొర్రల సాగు గురించి చెప్పుకోవచ్చు, పెళ్లిపాట పాడుకోవచ్చు. "మా ఊళ్లో డీలరు రెండు నెలలుగా బియ్యం ఇవ్వట్లేదు" అంటే? అది వార్తా, కాదా? మాచ్నూర్‌లోనే ఈ ప్రశ్న ఇబ్బంది పెడితే, రోజూ తుపాకులు పేలుతున్న అప్పటి బస్తర్‌లో లైసెన్సు అడిగేవాడికి ఏం జవాబు వచ్చేదో ఊహించుకోవచ్చు.

ఫోనుకు ఆ బాధ లేదు. ఇద్దరు ఫోనులో మాట్లాడుకుంటే దాన్ని ప్రసారమని ఎవరూ అనరు. ఒకరు చెప్పింది రికార్డయి, దాన్ని ఇంకో పదివేలమంది ఎవరి ఫోనులో వాళ్లు విన్నా, చట్టం దృష్టిలో అవి పదివేల విడి విడి ఫోన్లు. చౌధరి పట్టుకున్న సందు ఇది.

ఫోనును ఇలా వాడొచ్చని అప్పటికే కొందరు పరిశోధకులు ప్రయత్నిస్తున్నారు. ఐబీఎం ఇండియా పరిశోధనశాలవాళ్లు వెబ్‌సైట్లలాగే 'వాయిస్‌సైట్లు' ఉండాలని, ఊరికి ఒక ఫోను నంబరు ఉంటే ఆ ఊరి సమాచారమంతా అందులో వినొచ్చని ఆలోచించి, వాయికియోస్క్ అని పేరుపెట్టి ఆంధ్రప్రదేశ్‌లోని ఒక గ్రామంలో నడిపి చూశారు. ఆ పరిశోధన వ్యాసం 2008లో వచ్చింది. ఎందుకో మనవాళ్లు ఈ సంగతి పెద్దగా చెప్పుకోరు. గుజరాత్‌లో డెవలప్‌మెంట్ సపోర్ట్ సెంటర్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులు 'అవాజ్ ఓటలో' కట్టారు. 51 మంది రైతులు ఏడు నెలలు వాడారు. రైతు ఫోన్ చేసి చేనులో పురుగు సంగతి అడుగుతాడు, నిపుణుడు జవాబు రికార్డు చేస్తాడు. అందులో ఒక తమాషా బయటపడింది. నిపుణుల ప్రకటనలకన్నా పక్క ఊరి రైతు ఏమడిగాడు, వాడికి ఏం చెప్పారు అన్నది వినడానికే జనం ఎక్కువగా ఫోన్ చేశారు. రచ్చబండ దగ్గర కూర్చున్న ఎవరికైనా ఇది కొత్త కాదనుకోండి.

మూడో ప్రయత్నం ఎంఐటీలో జరిగింది. రాసే వికీపీడియాలాగా మాటలతో నడిచే వికీ ఎందుకుండకూడదని బిల్ థీస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, మరికొందరు కలిసి 'ఆడియో వికీ' తయారుచేశారు. థీస్ చదివింది కంపైలర్ల మీద, అంటే మనిషి రాసిన ప్రోగ్రామును కంప్యూటరు భాషలోకి మార్చే సాఫ్ట్‌వేరు మీద. తరవాత బెంగళూరు మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలలో చేరి, పేదలకు పనికొచ్చే చవక సాంకేతికతల మీదికి మళ్లారు. 2016లో ఆయనకు మాక్‌ఆర్థర్ ఫెలోషిప్ వచ్చింది. 2009లో చౌధరికి నైట్ ఇంటర్నేషనల్ జర్నలిజం ఫెలోషిప్ దొరికింది. ఒకరి దగ్గర యంత్రం ఉంది, జనం లేరు. ఇంకొకరి దగ్గర జనం ఉన్నారు, యంత్రం లేదు. 2010 ఫిబ్రవరిలో సీజీనెట్ స్వర మొదలైంది.

యంత్రమంటే పెద్దదేమీ కాదు. ఒక మామూలు కంప్యూటరు, ఫోను లైను, ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. గ్యాస్ బుకింగుకు ఫోన్ చేస్తే "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే గొంతు వినిపిస్తుంది చూశారా, అదే సరుకు. మొదట్లో బెంగళూరు నంబరుకు నేరుగా ఫోన్ చేయాల్సి వచ్చేది, ఖర్చు చేసినవాళ్లదే. కూలిడబ్బు రాలేదని చెప్పుకోవడానికి కూలిడబ్బులోంచే ఎస్టీడీ బిల్లు కట్టడం! తరవాత పద్ధతి మారింది. నంబరు కొట్టి, రింగవగానే పెట్టేయాలి. సర్వరే తిరిగి ఫోన్ చేస్తుంది. అంటే ఖర్చు సంస్థది. ఊరి జనం కనిపెట్టిన విద్య సర్వరుకు అబ్బింది.

సిగ్నల్ ఉన్న చోటు వెతుక్కుంటూ ఊరవతల గుట్టెక్కిన మనిషిని ఊహించుకోండి. ఫోను మోగుతుంది. హిందీలో ఒక గొంతు: మీ మాట రికార్డు చేయాలంటే ఒకటి నొక్కండి, ఇతరులవి వినాలంటే రెండు. ఒకటి నొక్కుతాడు. బీప్. పేరు, ఊరు, పంచాయతీ, బ్లాకు, జిల్లా. ఆ తరవాత అసలు సంగతి. చేతిపంపు పాడై నెలలైంది, వాగునీళ్లు తాగుతున్నాం. లేదా, ఉపాధి పనిలో చెరువు తవ్వాం, కూలి ఇంకా పడలేదు. లేదా, పంతులు బడికి రావడంలేదు. చివర్లో ఒక వింత. ఆ పనికి బాధ్యుడైన అధికారి ఎవరో, ఆయన మొబైల్ నంబరేమిటో చదివి, "వింటున్నవాళ్లు దయచేసి ఆయనకు ఫోన్ చేసి మా సంగతి అడగండి" అంటాడు. నంబరు రెండుసార్లు చెబుతాడు. వెనకాల కోడి కూత, పిల్లల అరుపులు, గాలి హోరు.

ఇది నేరుగా అందరికీ వినిపించదు. ముందు మోడరేటరు వింటాడు. హోరు తగ్గించి, తడబాట్లు కత్తిరించి, అవసరమైతే ఆ మనిషికే ఫోన్ చేసి వివరాలు సరిచూసుకుని, అప్పుడు విడుదల చేస్తాడు. విడుదలైనది రెండు దారుల్లో వెళుతుంది. ఒకటి, ఫోనులో రెండు నొక్కినవాళ్లకు. రెండోది వెబ్‌సైటు మీదికి, అక్కడినుంచి సోషల్ మీడియాలోకి. ధ్వని పక్కనే హిందీలోనో ఇంగ్లిషులోనో నాలుగు ముక్కల సారాంశం, అధికారి నంబరు.

నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఇక్కడుంది. ఢిల్లీలోనో భోపాల్‌లోనో కంప్యూటరు ముందు కూర్చున్న ఒక అపరిచితుడు ఆ సారాంశం చదివి, ఆ నంబరుకు ఫోన్ చేసి, "సార్, ఫలానా ఊళ్లో చేతిపంపు సంగతేమైంది?" అని అడుగుతాడు. ఆ బ్లాకు ఆఫీసరు జీవితంలో అలాంటి ఫోను ఎత్తి ఉండడు. తన పరిధిలోని ఒక గూడెం పేరు వందల మైళ్ల దూరంలో ఎవరికో తెలిసిపోయింది. ఆయనకు ఒకటి కాదు, ఇంకో నాలుగు ఫోన్లు వస్తాయి. చాలాసార్లు పంపు బాగవుతుంది. బాగయ్యాక అదే మనిషి మళ్లీ మిస్డ్ కాల్ ఇచ్చి, పని జరిగిందని, ఫోన్ చేసినవాళ్లందరికీ ధన్యవాదాలని రికార్డు చేస్తాడు. ఆ ధన్యవాదం విన్న పక్క ఊరివాడు తన ఊరి పంపు సంగతి చెబుతాడు.

సోషల్ మీడియా అంటే లైకులు లెక్కపెట్టుకోవడమని అనుకునే సంస్థలు ఈ ఏర్పాటును కాస్త తీరిగ్గా చూడాలి. ఇక్కడ ఫేస్‌బుక్ చదివేవాడికి అప్పగించిన పని ఒక్కటే, చిన్నది, ఐదు నిమిషాల్లో అయిపోయేది: ఈ నంబరుకు ఫోన్ చెయ్యి. జాలిపడమనలేదు, షేర్ చేయమని బతిమాలలేదు. నగరంలో ఉన్నవాడికి ఏముంది? ఇంటర్నెట్, అధికారి అర్థం చేసుకునే భాష, అధికారితో భయం లేకుండా మాట్లాడే గొంతు. ఊళ్లోవాడికి లేనివి సరిగ్గా అవే. ఆ మూడింటినీ అరువిమ్మన్నారు.

కలెక్టరేట్లో సోమవారం ప్రజావాణి జరుగుతుంది కదా. చేతిలో అర్జీ, అది రాసిపెట్టినవాడికి కొంత, బస్సు చార్జీలకు కొంత, పోయిన కూలి ఇంకొంత. అర్జీ మీద సంతకం పెట్టి కింది ఆఫీసుకు పంపుతారు. ఏ ఆఫీసు మీద ఫిర్యాదో ఒక్కోసారి ఆ ఆఫీసుకే చేరుతుంది. అక్కడ అర్జీ ఒక కాగితం, దాన్ని చూసేది ఇద్దరు. స్వరలో అదే మాట బహిరంగం. చెప్పినవాడి గొంతుతో సహా ఎవరైనా వినొచ్చు. దీనివల్ల ప్రమాదం కూడా లేకపోలేదు. పేరు, ఊరు చెప్పి స్థానిక అధికారినో కాంట్రాక్టరునో వేలెత్తి చూపినవాడు రేపు అదే ఊళ్లో బతకాలి. ఇటు పోలీసులూ అటు దళాలూ అనుమానంగా చూసే చోట ఫోను పట్టుకుని తిరగడమే ఒక తెగింపు.

మొదటి రెండేళ్లు పూర్తికాకముందే 70,000 పైగా ఫోన్లు వచ్చాయి. విడుదలైన సందేశాలు సుమారు 1,100. ఈ రెండు అంకెల మధ్య దూరం చూడండి. మాట్లాడినవాళ్లకన్నా విన్నవాళ్లు ఎన్నో రెట్లు. థీస్ బృందంలోని పరిశోధకులు ఆ సందేశాలను పరిశీలించినప్పుడు, పౌర పాత్రికేయం కోసం పెట్టిన వేదికను జనం ఫిర్యాదుల పెట్టెగా మార్చుకున్నారని తేలింది. నిర్వాహకులకు ఇది కాస్త ఇబ్బందే అయుండాలి. వార్త అంటే వాళ్ల మనసులో ఒక రూపం ఉంటుంది. నన్నడిగితే జనమే సరిగ్గా వాడుకున్నారు. చేతిపంపుకన్నా పెద్ద వార్త ఆ ఊళ్లో ఏముంటుంది?

ఇంకో సంగతి అంత తేలికగా మింగుడుపడదు. గోండి కోసం బయల్దేరిన వేదికలో ఎక్కువ సందేశాలు హిందీలోనే వచ్చాయి. మాట్లాడినవాళ్లలో కాస్తో కూస్తో చదువుకున్నవాళ్లు, సంస్థల్లో తిరిగే కార్యకర్తలు, మగవాళ్లు ముందున్నారు. అట్టడుగున ఉన్న మనిషికి ఫోను అందినా మాట్లాడే చొరవ వెంటనే రాదు. అందుకే సీజీనెట్ బృందాలు ఊరూరా యాత్రలు చేశాయి. తోలుబొమ్మలు, వీధినాటకం, పాట. ఆట అయ్యాక ఫోను చేతికిచ్చి, ఇదిగో ఇలా నొక్కు, ఇలా మాట్లాడు అని చూపించడం. సాంకేతికతకు పెట్టిన ఖర్చుకన్నా ఈ తిరుగుడుకూ మోడరేటర్ల జీతాలకూ అయ్యేదే ఎక్కువ. దాతలకు ఇది నచ్చదు. 'యాప్ తయారుచేశాం' అంటే నిధులొస్తాయి. 'ఇంకో ఇద్దరు మోడరేటర్లు కావాలి' అంటే ముఖం తిప్పుకుంటారు.

పాటల సంగతి చెప్పకపోతే కథ సగమే. ఫిర్యాదులతోపాటు జనం పాటలు రికార్డు చేశారు, సామెతలు, కథలు చెప్పారు. పరిశోధకులకు అది ఇంకో దారి చూపించింది. 2013లో ఆదిత్య వశిష్ఠ, థీస్ తదితరులు 'సంగీత్ స్వర' అని పాటలకూ కబుర్లకూ ఒక నంబరు పెట్టారు. ఇందులో మోడరేటరే లేడు. విన్నవాళ్లే బాగుందో లేదో బటను నొక్కి ఓటేస్తారు, మంచివి పైకొస్తాయి. పదకొండు వారాల్లో 1,500 మంది 25,000 సార్లు ఫోన్ చేశారు, 5,000 రికార్డింగులు పెట్టారు, లక్షన్నర ఓట్లు వేశారు. దాన్ని ఎగబడి వాడింది ఎవరో తెలుసా? చూపులేనివాళ్లు. తెర లేని ఫేస్‌బుక్ వాళ్లకు దొరికింది. పాటలు, జోకులు, పరీక్షల కబుర్లు, ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోవడం. అంధులకోసం సోషల్ మీడియా తయారుచేద్దామని ఎవరూ కూర్చుని అనుకోలేదు, అదే జరిగింది.

వశిష్ఠ, థీస్ అంతకుముందు 2012లోనే ఇంకో పనిచేసి పెట్టారు. ఆస్టరిస్క్ బిగించుకోవడం, సర్వరు కాపలా కాయడం చిన్న సంస్థలకు తలకు మించిన పని. ఆఫీసులో ఒక పాత కంప్యూటరు, ఒక ఫోను లైను ఉంటే చాలు అనేలా 'ఐవీఆర్ జంక్షన్' అనే ఉచిత సాఫ్ట్‌వేరు తయారుచేశారు. ఫోనులో రికార్డయిన మాట తనంతట తానే యూట్యూబులోకి ఎక్కుతుంది. అక్కడినుంచి ఫేస్‌బుక్‌లో పంచుకోవచ్చు. ధ్వని దాచుకునే భారం యూట్యూబ్ మోస్తుంది, అదీ పైసా తీసుకోకుండా. కరెంటు పోయినా, కంప్యూటరు చెడినా మాట మిగులుతుంది. మన దేశంలోనే కాక ఆఫ్రికాలో సోమాలిలాండ్, మాలీల్లోనూ దీన్ని వాడి చూశారు. పెద్ద కంపెనీల ఉచిత సేవలను సొంత పనికి తిప్పుకోవడం ఎలాగో నేర్చుకోవాలనుకునే చిన్న సంస్థకు ఇంతకన్నా మంచి పాఠ్యాంశం నాకు కనిపించలేదు. కాకపోతే ఆ సేవ నియమాలు ఎప్పుడు మారతాయో ఆ కంపెనీ దయ.

2014లో లండన్‌లోని ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్ సంస్థ డిజిటల్ ఉద్యమాలకిచ్చే పురస్కారం చౌధరికి ఇచ్చింది. ఆ ఏడు పోటీలో ఉన్నవాళ్లలో అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్ ఒకరు. పురస్కారం సంగతి అంతటితో వదిలేద్దాం, ఆ తరవాత జరిగిందే ఎక్కువ ఆసక్తికరం.

ఫోను రింగుకూ ఖర్చుంది. జనం పెరిగేకొద్దీ తిరిగి ఫోన్ చేసే బిల్లు సంస్థ నడ్డి విరిచింది. ఖర్చు లేని దారి ఏదని వెతికితే వారపు సంతలో దొరికింది. సంతలో ఒక మూల గొడుగు కింద కంప్యూటరు పెట్టుకున్న కుర్రాడు ఉంటాడు. పదో ఇరవయ్యో ఇస్తే చిప్పులో పాటలు ఎక్కిస్తాడు. మన ఊళ్లలోనూ బస్టాండు పక్కన సెల్ షాపుల్లో ఇదే వ్యాపారం జోరుగా సాగింది. ఒకడి చిప్పులో ఎక్కిన పాట సాయంత్రానికి ఊరంతా పాకుతుంది, బ్లూటూత్ మీద. బస్తర్ నోళ్లలో బ్లూటూత్ కాస్తా 'బుల్టూ' అయింది. సీజీనెట్ అదే పేరుతో 'బుల్టూ రేడియో' మొదలుపెట్టింది. జనం ఫోనులో పంపిన మాటలూ పాటలూ గుదిగుచ్చి ఒక కార్యక్రమం చేస్తారు. బ్రాడ్‌బ్యాండ్ ఉన్న పంచాయతీ ఆఫీసులో ఎవరో ఒకరు దాన్ని దించుకుంటారు. సంతకొచ్చినవాళ్లు ఫోనులోకి ఎక్కించుకుని ఊరికి తీసుకెళతారు. ఊళ్లో ఒకరి నుంచి ఒకరికి, ఖర్చు సున్నా. మాచ్నూర్ క్యాసెట్లు ఇంకో వేషంలో వచ్చాయనుకోవాలి. లైసెన్సు అడిగేవాడూ లేడు, టవరు కూల్చేవాడూ లేడు.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. రెండు మూడేళ్లలో డేటా చవకై, సిగ్నల్ ఉన్న ప్రతి ఊళ్లో వాట్సాప్ చేరింది. అక్షరం రానివాళ్లు కూడా మైకు బొమ్మ నొక్కిపట్టి మాట్లాడుతున్నారు. ఇక ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అవసరమేముంది? రికార్డు చేసి పంపడం వరకైతే నిజంగానే లేదు. ఈ రోజు ఏ మండలంలో చూసినా సమస్యల గ్రూపులున్నాయి. వాటిలో వాయిస్ మెసేజీలు గుట్టలుగా పడి ఉంటాయి, వాటి మధ్య గుడ్ మార్నింగ్ పూలు. వినేవాడు, వివరం సరిచూసేవాడు, ఫలానా అధికారికి ఫోన్ చేయమని ఇంకొకరికి చెప్పేవాడు ఆ గ్రూపుల్లో ఉండడు. యంత్రం ఉచితమైంది, మోడరేటరు జీతం ఉచితం కాలేదు.

గోండికైతే ఇంకా దూరం పోవాలి. ఆదిలాబాద్ గోండిలోకి తెలుగు మాటలు చేరాయి, గడ్చిరోలి గోండిలోకి మరాఠీ, బస్తర్ గోండిలోకి ఛత్తీస్‌గఢీ, హల్బీ. ఒకచోటి రికార్డింగు ఇంకోచోట సగమే అర్థమవుతుంది. ఫోనులో మాట్లాడుకోవడం మొదలయ్యాకే ఈ చిక్కు బయటపడింది. సీజీనెట్ చొరవతో వేర్వేరు రాష్ట్రాల గోండులు ఏళ్ల తరబడి సమావేశాలు పెట్టుకుని, ఒక్కో మాటకు ఎవరేమంటారో చెప్పుకుని, 2018లో సుమారు మూడువేల మాటల ఉమ్మడి నిఘంటువు తెచ్చారు. హంపీలోని కన్నడ విశ్వవిద్యాలయం అందులో చేయి వేసింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన పాత రాతప్రతుల లిపి కూడా అదే ఏడు జూన్‌లో యూనికోడ్‌లోకి ఎక్కింది.

నిఘంటువు చేతికొచ్చాక యంత్రానికి గోండి నేర్పే పని మొదలైంది. రాసిన గోండిని చదివి వినిపించే 'ఆదివాసీ రేడియో' యాప్‌ను సీజీనెట్, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు, నయా రాయ్‌పూర్ ట్రిపుల్ ఐటీవాళ్లు కలిసి చేశారు. హిందీ నుంచి గోండిలోకి యంత్రం అనువదించాలంటే వాక్యాల జంటలు కావాలి, అవి ఎక్కడా లేవు. మళ్లీ జనం దగ్గరికే వెళ్లారు. 2020లో అచ్చయిన లెక్క ప్రకారం, ఫోనుల మీదుగానూ ఊళ్లలో కూర్చునీ దాదాపు 12,000 మాటలూ వాక్యాలూ గోండిలోకి వచ్చాయి. ముందుముందు ఈ పని చేసిపెట్టగలవాళ్లు 650 మందికి పైగా తేలారు. ఇంగ్లిషు, హిందీల మధ్య ఇలాంటి జంటలు లక్షల్లో ఉన్నాయి. 12,000తో యంత్రం తడబడుతూనే మాట్లాడుతుంది.